నడుస్తూ చదవవలెను

గోగులలంక శాఖా గ్రంథాలయంలో 4317 నంబరు పుస్తకానికి అట్ట లేదు. అట్టతోపాటు పుస్తకం పేరు, రాసినవాడి పేరు కూడా ఏనాడో ఊడిపోయాయి. మిగిలింది ఒక హత్య, ఆరువందల పన్నెండు పేజీల అనుమానం. ఆ పుస్తకాన్ని గుత్తుల పల్లాలమ్మ ఏడాదిన్నరగా చదువుతోంది.

ఏడాదిన్నర ఏమిటని నవ్వకండి. ఆమె కొబ్బరిపీచు ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు పీచు దులిపి, చేతులకు పని లేకుండా పోయాక, వేలిముద్ర వెయ్యడం నామోషీ అనిపించి అరవై ఎనిమిదో ఏట అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు డెబ్భై ఒకటి. నోటితో పలికితే తప్ప అక్షరం ఆమెకు బోధపడదు. అందుకని పైకే చదువుతుంది, కూడబలుక్కుంటూ, రోజుకు ఒక పేజీ. శుక్రవారం గ్రంథాలయానికి సెలవు కనుక ఆమెకూ సెలవే.

ఆ పేజీ వినడానికి ఏడుగురు వస్తారు. వాళ్ళలో పెద్దవాడు యాళ్ళ దొరబాబు. ఒకప్పుడు గోదావరి మీద పంటు నడిపిన సరంగు. ఎనభై ఆరేళ్ళు, కళ్ళు సరిగా కనబడవు, గుండె సగమే పని చేస్తోందని డాక్టర్లు తేల్చేశారు. ఆయన పక్కన సోమయాజులు మాస్టారు కూర్చుంటారు, కష్టమైన మాట వస్తే అర్థం చెప్పడానికి. మాస్టారే చదివేస్తే గంటలో పాతిక పేజీలు అయిపోతాయి కదా అని మీకు తోచవచ్చు. ఒకరోజు అదీ అయింది. ఆయన చదివితే వార్తలు విన్నట్టుందని అందరూ కునికారు. పల్లాలమ్మ చదివితే తరువాతి మాటేమిటో ఆమెకే తెలియదు గనుక ఊపిరి బిగబట్టి వినాలి. ముందు పేజీ తిప్పి చూసినవాడికి ఆ బల్ల దగ్గర చోటు లేదన్నది వాళ్ళ చట్టం. కాంపౌండరు ప్రకాశరావు ఓసారి తిప్పి చూశాడని పదిరోజులు ఆయనతో ఎవరూ మాట్లాడలేదు.

"నేను పోయేలోగా ఆ అంతకుడెవడో తేల్చెయ్యి పల్లాలమ్మా. తెలీకుండా పోతే నాకు సద్గతుండదు," అనేవాడు దొరబాబు రోజూ లేవబోతూ. ఆయన అనుమానం మొదటినుంచీ కథలోని డాక్టరు మీదే. నిజం డాక్టర్లన్నా ఆయనకు పెద్ద గురి లేదు.

"మిమ్మల్ని ఒగ్గేసి ఆ పుత్తకం మూత్తానేటండి సరంగుగారూ? కంగారడకండి," అనేది పల్లాలమ్మ. ఆమె మాటిచ్చిందంటే ఇచ్చినట్టే. పేజీ నాలుగువందల ముప్ఫై ఎనిమిది దగ్గర, ఇనస్పెక్టరు డాక్టరుగారి ఇంటి గేటు తీస్తుండగా, సర్కులరు వచ్చింది.

దాని పుట్టుక ఇది. పైస్థాయి పెద్దలు కొందరు ఏదో చలిదేశానికి అధ్యయన యాత్రకు వెళ్ళి, అక్కడి గ్రంథాలయాల్లో ముసలివాళ్ళు డాన్సు చెయ్యడం, కుండలు చెయ్యడం, బంతులు విసురుకోవడం చూసి ముగ్ధులై తిరిగొచ్చారు. అదే ముసలివాళ్ళు పొద్దుటిపూట అవే గ్రంథాలయాల్లో కూర్చుని చదువుకోవడం కూడా చూసేవారే గానీ, ఆ వేళకు వీళ్ళు బజారులో చాక్లెట్లు కొంటున్నారు. వచ్చిన పదోరోజునే పథకం తయారైంది. లైబ్రేరియన్ నూకరాజు ఆ కాగితాన్ని బల్ల దగ్గర నిలబడి చదివాడు.

"విషయం: క్రియాశీల వయోవృద్ధుల గ్రంథాలయ సేవలు. పై విషయమునకు సంబంధించి తెలియజేయడమేమనగా, అరువది సంవత్సరములు నిండిన పాఠకులు గ్రంథాలయములందు గంటల తరబడి కూర్చుని యుండుట గమనించడమైనది. ఇట్టి స్థితి క్రియాశీలతకు విరుద్ధము. కావున సదరు వయోవృద్ధులను తక్షణమే చురుకుపరచి, చురుకుపరచినట్లు నివేదిక పంపవలెను."

"చురుకుపరచడవంటే ఏటండి మాస్టారూ?" అంది పల్లాలమ్మ.

"ఆ మాట ఏ నిఘంటువులోనూ లేదమ్మా," అన్నారు సోమయాజులు. ఆ బల్ల దగ్గర ఆయనకు అర్థం తెలియని మాట రావడం అదే మొదలు.

అర్థం వారం తిరక్కుండానే కారులో దిగింది. ప్రత్యేకాధికారి చిత్రభాను నలభై ఐదేళ్ళవాడు, కాళ్ళకు పరుగుపందెం బూట్లు, చేతిలో ట్యాబు. గుమ్మంలో నిలబడి బల్లనూ, దాని చుట్టూ ఉన్న ఎనిమిదిమందినీ, రోగిని చూసినట్టు చూశాడు.

"వీళ్ళేం చేస్తున్నారు?"

"చదువుతున్నారండి," అన్నాడు నూకరాజు.

"అది కనబడుతోంది. ఏం చేస్తున్నారని అడుగుతున్నాను."

నూకరాజుకు ఉద్యోగంలో ఇంకా పదకొండేళ్ళుంది. అందుకని ఆయన నేల చూశాడు.

"చూడండమ్మా," అన్నాడు అధికారి, పల్లాలమ్మ వైపు వంగి, చెవిటివాళ్ళతో మాట్లాడినంత గట్టిగా. "వృద్ధాప్యం అనేది ఒక అవకాశం. కూర్చోవడం అనేది ఆ అవకాశాన్ని దుర్వినియోగపరచడం. మీలో అపారమైన జవసత్వాలున్నాయి. వాటిని ప్రభుత్వం వెలికితీస్తుంది."

"నా జవసత్వాలు పీచు ఫ్యాట్రీవోళ్ళు నలభయ్యేళ్ళు ఎలికి తీసేరు బాబూ. ఇంకేటీ మిగల్లేదు. కూకుని సదూకోనివ్వండి."

"అదే! ఆ నిరాశావాదమే పోవాలి!" అని ఆయన ట్యాబులో ఏదో నొక్కాడు.

మర్నాడు కుర్చీల వెనుక పసుపు రంగు కాగితాలు అంటించారు: "అరువది లోపు వారికి మాత్రమే." గోగులలంకలో అరవై లోపువాళ్ళెవరూ పగలు గ్రంథాలయానికి రారు. వాళ్ళకు పనులుంటాయి, పనిలేనివాళ్ళకు ఫోనుంటుంది. కాబట్టి పన్నెండు కుర్చీలు ఖాళీగా, బల్ల చుట్టూ పెద్దమనుషుల్లా కొలువుతీరాయి. ఎనిమిదిమంది ముసలివాళ్ళు వాటి వెనక నిలబడి కథ విన్నారు. పల్లాలమ్మ మోకాళ్ళు అరపేజీకే మొరాయించాయి. ఇనస్పెక్టరు ఇంకా గేటు దగ్గరే ఉండిపోయాడు.

నిలబడటం కూడా చురుకుదనం కాదని తరువాతి సర్కులరులో తేలింది. నిలబడిన మనిషి కదలడం లేదని ఎవరో నిపుణుడు కనిపెట్టాడట. ఈసారి కాగితంతోపాటు అట్టపెట్టె వచ్చింది. అందులో చేతికి కట్టుకునే నల్లటి బ్యాండ్లున్నాయి. వేసిన ప్రతి అడుగూ అందులో పడుతుంది, పడినది వెంటనే జిల్లా కార్యాలయం గోడమీది పెద్ద తెర మీద కనబడుతుంది. పేజీకి మూడువందల అడుగుల చొప్పున నడుస్తూ చదవవలెను, తప్పినవారి సభ్యత్వం రద్దగును.

సోమయాజులు మాస్టారు తన బ్యాండును ఇంట్లో చంటి మనవడి ఉయ్యాలకు కట్టారు. నాలుగురోజులు జిల్లాలో ఆయనే ప్రథముడు. అయిదో రోజున కోడలు బిడ్డను తీసుకుని పుట్టింటికి వెళ్ళింది. ఆరో రోజున మాస్టారికి నోటీసు వచ్చింది: తమ క్రియాశీలత హఠాత్తుగా శూన్యమగుటకు కారణమేమో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను. ముప్ఫై మూడేళ్ళు పిల్లలకు సంజాయిషీలు దిద్దిన మనిషి కూర్చుని, క్షమించాలి, నిలబడి, సంజాయిషీ రాసుకున్నారు.

మిగిలినవాళ్ళు నడిచారు. ముందు పల్లాలమ్మ, పుస్తకం మొహానికి అడ్డంగా పెట్టుకుని. ఆమె గొంతు వినబడాలి గనుక వెనక ఆనుకుని దొరబాబు, ఆయన భుజం పట్టుకుని ప్రకాశరావు, ఆ వెనక తక్కినవాళ్ళు. అందరూ బీరువాల చుట్టూ తిరిగేవారు. "త...లు...పు. తలుపు. కొ...ట్టె...ను" అని ఆమె పలుకుతుంటే వెనకవాళ్ళకు వినబడక "ఏం కొట్టెను? ఏం కొట్టెను?" అని ఒకరినొకరు అడిగేవారు.

రోడ్డున పోయేవాళ్ళకు కిటికీలోంచి ఇదంతా ఏదో నోములా కనబడింది. మూడోరోజున ఒక ఆవిడ గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొచ్చింది.

"ఎన్ని చుట్లు తిరగాలండీ? మా అమ్మాయికి సంబంధాలు కుదరట్లేదండి," అంది.

వారం తిరిగేసరికి పాతికమంది ఆడవాళ్ళు పసుపు కుంకాలు పట్టుకుని వాళ్ళ వెనక తిరగసాగారు. కథా సాహిత్యం బీరువాకు బొట్టు పెట్టారు. సామాన్యశాస్త్రం దగ్గర కొబ్బరికాయ కొట్టారు. నూకరాజు గోలపెడుతూ జిల్లాకు ఉత్తరం రాశాడు. జిల్లావాళ్ళు ఆ రోజుల లెక్క చూసుకుని, గోగులలంకలో పాఠకుల సంఖ్య నాలుగింతలైందని అభినందన పత్రం పంపారు.

అభినందనతో ఆగితే బాగుండును. చిత్రభాను స్వయంగా వచ్చి, నడిచే దారిని అడుగులతో కొలిచి, పెదవి విరిచాడు.

"ఇక్కడ ప్రధాన అవరోధం ఏమిటో గమనించారా?" అని అడిగాడు.

"కుర్చీలాండి?" అన్నాడు నూకరాజు ఆశగా.

"బీరువాలు. వయోవృద్ధులు వాటికి తగులుకుని పడే ప్రమాదం ఉంది. గ్రంథాలయం అనేది ప్రజల కోసం, పుస్తకాల కోసం కాదు."

బీరువాలు పుస్తకాలతో సహా వెనక గదిలోకి వెళ్ళాయి. తాళం పడింది, తాళం మీద సీలు పడింది. ముందు హాల్లో నేలమీద తెల్లరంగుతో గుండ్రంగా బాట గీశారు. 4317 నంబరు కూడా లోపలే ఉండిపోయింది, పేజీ నాలుగువందల అరవై ఒకటి దగ్గర పీచు పోగు గుర్తుగా పెట్టి.

ఆ సాయంత్రం దొరబాబు అలవాటు మాట అనలేదు. బాట పక్కన గోడకు చెయ్యి ఆనించి కాసేపు ఆయాసం తీర్చుకుని, "పోన్లే పల్లాలమ్మా. డాక్టరే అనుకుని పోతాన్లే," అన్నాడు. ఆ మాటకు పల్లాలమ్మకు కోపం వచ్చింది, దుఃఖం వచ్చింది, ముందు ఏది వచ్చిందో ఆమెకే తెలియలేదు.

మంచం పట్టినవాళ్ళకు ఇంటికే పుస్తకం పంపే పథకం ఒకటి ఉందని నూకరాజు ఆమె చెవిలో చెప్పాడు. ఆ పుస్తకాల కోసం సీలు విప్పుతారట. దరఖాస్తు మాత్రం జిల్లా కార్యాలయంలో స్వయంగా ఇవ్వాలి. పల్లాలమ్మ రెండు బస్సులు మారి వెళ్ళింది. కార్యాలయం మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు మీద "పనిచేయదు" అని రాసి ఉంది. ఆ అక్షరాలు కూడబలుక్కుని, ఒక్కొక్క మెట్టే ఎక్కింది. ఫొటో కావాలన్నారు, కిందికి దిగి తీయించుకుని ఎక్కింది. ఆధార్ జిరాక్సు కావాలన్నారు, దిగి ఎక్కింది. జిరాక్సు మీద సంతకం ఏదన్నారు. ఇది మాత్రం అక్కడే నిలబడి, తడుముకోకుండా, గుండ్రంగా చేసింది.

గుమాస్తా అన్నీ చూసి సంతోషించాడు. "ఇక మీరు మంచం మీద ఉన్నట్టు రుజువు కావాలమ్మా."

"మంచం మీదుంటే ఇక్కడికెలా ఒత్తానండి?"

"రాలేరు. మీరొచ్చారు. మూడంతస్తులు మూడుసార్లు ఎక్కారు. కాబట్టి మీకు అర్హత లేదు."

"మరి నిజంగా మంచం మీదున్నోళ్ళు దరకాస్తు ఎలా పెడతారు నాయనా?"

"పెట్టరమ్మా. అందుకే ఈ పథకంలో ఇంతవరకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు," అన్నాడతను గర్వంగా.

అదే సమయంలో, ఆ గోడకు అవతలి గదిలో, పెద్ద తెరమీద గోగులలంక గీత నిట్టనిలువుగా పైకి లేచింది. గుత్తుల పల్లాలమ్మ, డెబ్భై ఒకటి, ఒక్కరోజులో మూడుసార్లు ఆరోహణ. చిత్రభాను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. జిల్లా ఉత్తమ క్రియాశీల వయోవృద్ధురాలు ఎవరన్న సమస్య ఆ క్షణాన తీరిపోయింది.

సన్మానం గోగులలంక హైస్కూలు ఆవరణలో. జిల్లా అంతటినుంచి మూడువందల నలభై మంది వృద్ధుల్ని బస్సుల్లో దింపి షామియానా కింద నిలబెట్టారు. కుర్చీలు వేదికమీద మాత్రమే ఉన్నాయి. గ్రంథాలయ సంస్థ అధ్యక్షులకు అరవై ఆరేళ్ళు గానీ, పదవిలో ఉన్నవారికి వయసు వర్తించదని వివరణ ఉత్తర్వు ఉంది. ఇక సన్మానగ్రహీతను కూర్చోబెట్టాలా వద్దా అని రెండు రోజులు ఫైలు తిరిగింది. చివరకు, సన్మానంలో వేసేది కుర్చీ కాదు, గౌరవం అని తేల్చారు. ఎర్రటి మఖమలు గౌరవంలో పల్లాలమ్మను కూర్చోబెట్టారు. ఆమె మోకాళ్ళు రెండు నెలల తరువాత హాయిగా మడుచుకున్నాయి.

జిల్లానుంచి రావలసిన జ్ఞాపిక రాలేదు. ఆ ఉదయం చిత్రభాను నూకరాజును పిలిచి, "మీ దగ్గర బరువైన వస్తువేదైనా ఉంటే రంగుకాగితం చుట్టి పెట్టండి. ఫొటోలో కనబడితే చాలు," అన్నాడు. అధికారి నోటి మాట కూడా ఆదేశమే కనుక నూకరాజు సీలు విప్పాడు. ఉద్యోగంలో చేరాక ఆయన చేసిన సాహసం ఇదొక్కటే.

శాలువా కప్పారు, దండ వేశారు, రంగుకాగితం పొట్లం చేతిలో పెట్టి ఫొటో తీశారు. బరువు తెలియగానే పల్లాలమ్మ కళ్ళెత్తి నూకరాజును వెతికింది. ఆయన షామియానా గుంజ వెనక నిలబడి ఆకాశం చూస్తున్నాడు.

తరువాత ఉపన్యాసాలు. చిత్రభాను యాభై నిమిషాలు చురుకుదనం గురించి మాట్లాడాడు. అధ్యక్షులవారు ఆ ఉపన్యాసం ఎంత చురుగ్గా ఉందో అరగంట చెప్పారు. కింద నిలబడినవాళ్ళు కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డారు. దొరబాబు ముందు వరసలో, ప్రకాశరావు మీద సగం ఒరిగిపోయి ఉన్నాడు.

"ఇప్పుడు పల్లాలమ్మగారు తన విజయ రహస్యం గురించి రెండు మాటలు మాట్లాడతారు," అన్నారు మైకులో.

ఆమె మైకు దగ్గరికి వచ్చి రంగుకాగితం చింపింది. "నాకు మాటాడ్డం రాదండి. సదవడం మట్టుకు ఒచ్చు," అంది. పీచు పోగు తీసి, నాలుగువందల అరవై రెండో పేజీ మొదలుపెట్టింది. "దీ...ప...ము. దీపము. ఆ...ర్పి. ఆర్పి. అ...త...డు..."

చిత్రభాను ట్యాబులో ఉత్తర్వులు వెతికాడు. శాలువా కప్పించుకున్నవాళ్ళని ఆపే పద్ధతి ఏ ఉత్తర్వులోనూ లేదు. కిందివాళ్ళకు ఆ కథ మొదలూ తెలియదు, తుదా తెలియదు. కాని దీపం ఆర్పి అతడేం చేశాడో తెలియాలి కదా. ఆమె తరువాతి అక్షరం దగ్గర ఆగితే మూడువందల నలభై మంది ఆగారు. అమలాపురం నుంచి వచ్చిన ఒకావిడ ముందుగా నేలమీద చతికిలబడింది. తరువాత పక్కావిడ. తరువాత ఒక వరస, తరువాత షామియానా మొత్తం. దొరబాబు ఇసకలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. చిత్రభాను "లేవండి, దయచేసి లేవండి" అన్నాడు.

"ఊరుకోండి బాబూ, ఇనబడ్డం లేదు!" అన్నారు ఎవరో.

రెండు గంటల్లో నాలుగు పేజీలు అయ్యాయి. ఆ రెండు గంటలూ జిల్లా కార్యాలయంలోని పెద్ద తెర మీద అన్ని గీతలూ కలిసి నేలబారుగా పడుకున్నాయి. మూడువందల నలభై ఒక్క మంది క్రియాశీల వృద్ధులు, ఒక్క అడుగు కూడా లేదు.

దీనిమీద ముగ్గురు నిపుణుల సంఘం వేశారు. వాళ్ళు పది రోజులు ఆలోచించారు. ఇంత గొప్ప పథకంలో ఉన్న ఇంతమంది వృద్ధులు ఒకేసారి కదలకుండా కూర్చోవడం అసంభవం గనుక, బ్యాండ్లే చెడిపోయాయని నిర్ధారించారు. జిల్లాలోని బ్యాండ్లన్నీ మూటగట్టి తయారీదారుకు తిప్పి పంపారు. కొత్తవి వచ్చేదాకా క్రియాశీలతను కొలిచే సాధనం లేనందున, ఆ మధ్యకాలంలో వృద్ధులు పూర్వస్థితిలో ఉండవచ్చునని ఉత్తర్వు ఇచ్చారు. ఆ ఉత్తర్వు అందిన పూటే నూకరాజు పసుపు కాగితాలు చింపేశాడు. బీరువాలు హాల్లోకి తిరిగొచ్చాయి. కథా సాహిత్యం బీరువాకు బొట్టు ఇంకా ఉంది, ఎవరూ తుడవలేదు.

కొత్త బ్యాండ్లకు టెండరు పిలిచారు, రద్దు చేశారు, మళ్ళీ పిలిచారు. ఆ లోపల ఎండాకాలం పోయి వానలు వచ్చాయి. దొరబాబు మధ్యలో రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళి, రెండుసార్లూ డాక్టర్లను తిట్టుకుంటూ తిరిగొచ్చాడు. ఆయన లేని రోజుల్లో పల్లాలమ్మ పుస్తకం తెరవలేదు.

ముసురు పట్టిన ఒక సోమవారం పొద్దున ఆమె ఆరువందల పన్నెండో పేజీకి వచ్చింది. బల్ల దగ్గర ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. ఆఖరి వాక్యంలో ఆఖరి మాట కూడబలుక్కుని, ఒకసారి తనలో అనుకుని, అప్పుడు పైకి చెప్పింది. హంతకుడు తోటమాలి.

మాస్టారు కళ్ళద్దాలు తీశారు. ప్రకాశరావు నోరు తెరిచాడు. పల్లాలమ్మ పుస్తకం మూసి దానిమీద చెయ్యి పెట్టుకుంది. జీవితంలో మొదటిసారి ఒక పుస్తకం పూర్తి చేసింది. తనకు ఏడుపొస్తుందేమోనని దొరబాబు వైపు చూసింది.

"తోటమాలా?" అన్నాడు దొరబాబు. "పదకొండో పేజీలో ఒక్కసారి కనబడి నీళ్ళు పోసెళ్ళిపోయినోడా? వాడికోసవా నేనిన్నాళ్ళూ ప్రాణం బిగబట్టుకున్నాను? ఛీ! ఏం పుత్తకం తెచ్చేవమ్మా!" కోపంతో ఆయన మొహం ఎర్రగా, ఆరోగ్యంగా ఉంది. కర్రతో నేలమీద టకటకా కొట్టాడు. "నూకరాజూ, ఇంకోటి తియ్యి. దీనికన్నా లావుపాటిది చూడు."